గవ్వలదిబ్బ చెరువులో నీళ్ళు తేటపడకపోవుట గురించి

గవ్వలదిబ్బ, దివి తాలూకా.
1978, వినాయకచవితి వెళ్ళిన మర్నాడు.

శ్రీయుత ప్రత్యేక ఇంజినీరుగారి సముఖానికి,
ఉప్పెన ప్రాంత మంచినీటి చెరువుల విభాగం,
విజయవాడ.

అయ్యా,

విషయం: గవ్వలదిబ్బ మంచినీటి చెరువుకు తమ విభాగం వారు పోసిన కొత్తగట్టు మంచినీళ్ళకే కరిగిపోతున్నందున, విజయదశమి నాడు చెరువును పూర్తి మట్టానికి నింపవద్దని కోరుట.

సూచిక: ఇదే విషయమై లోగడ పెట్టుకున్న అర్జీలు, వాటికి తమ కార్యాలయం వారు దయచేసిన జవాబులు, దయచేయని జవాబులు.

ఈ దిగువ సంతకం చేసిన పద్మావతమ్మ అను నేను, విజయవాడలో ఒక బాలికల ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని, స్వగృహం పటమట, ప్రస్తుత నివాసం గవ్వలదిబ్బ కొత్తకాలనీలో, చెరువుగట్టు కింది వరుసలో, మా వియ్యపురాలు బుల్లెమ్మగారి ఇల్లు. తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నిరుడు కార్తీకమాసంలో వచ్చిన ఉప్పెన సంగతి తమకు తెలిసినదే కనుక వివరించను. మా అమ్మాయి, బుల్లెమ్మగారి అబ్బాయి అందులో పోయారు. వారిద్దరూ భార్యాభర్తలు. వారి కూతురు శివపార్వతి మిగిలింది. బుల్లెమ్మగారు పిల్లను కొంగుతో తన నడుముకు కట్టుకుని, తాటిచెట్టును కావలించుకుని, నీరు తీసేదాకా మెడలోతులో నిలబడ్డారు. అప్పటినుంచి ఆవిడకు చెముడు. ఈ చెముడు సంగతి అర్జీకి అవసరమా అని తమ గుమాస్తాగారు ఎర్రసిరాతో గీత గీయవచ్చు. అవసరమే. గీయవద్దని మనవి.

నేను పిల్లను తీసుకుపోవడానికి వచ్చాను. అప్పుడు జరిగిన సంభాషణ ఇది:

“పిల్లను పటమట తీసుకెళ్తానండీ వదినగారూ.”

“తీసుకెళ్ళండి. మరి నన్నెక్కడ పెడతారు?”

“మీరూ రండి.”

“పటమటలో గేదెనెక్కడ కడతారండీ?”

“మీకిప్పుడు గేదె లేదు కదండీ.”

“రేపు కొనుక్కుంటేనో?”

ఈ వాదం విన్నాక నేనే ఉండిపోయాను. నెలరోజులని వచ్చినదాన్ని. ఆ నెల ఇంకా పూర్తికాలేదు.

2. ఉప్పెన వెళ్ళాక చెరువులో సముద్రపు నీరు నిలిచిపోయింది. మొదట మురికిగా ఉన్నది కాస్తా కొద్దిరోజుల్లోనే అద్దంలాగా తేరుకుంది. అడుగున పడివున్న బిందెలు, ఒక తలుపు, ఒక కుట్టుమిషను దేనికది స్పష్టంగా కనిపించేవి. జనం పాత గట్టుమీద నిలబడి ఎవరి సామాను వారు గుర్తుపట్టుకునేవారు. “ఇంత తేటనీళ్ళు నా జన్మలో చూళ్ళేదండీ వదినగారూ,” అన్నారు బుల్లెమ్మగారు. ఆ కుట్టుమిషను మా అమ్మాయిది. పెళ్ళిలో నేనే కొనిచ్చాను. నీళ్ళు అంత తేటగా లేకపోతే బాగుండునని అప్పుడు అనుకున్నాను. అందుచేత, ఈ అర్జీలో నీళ్ళు తేటపడటం లేదని ఫిర్యాదు చేస్తున్నది నేనేనా అని నాకే అనుమానంగా ఉంది.

3. వేసవిలో తమ విభాగం వారు వచ్చి ఉప్పునీరు తోడించారు. అడుగునున్న నల్లటి బంకమట్టిని తవ్వించి, ఆ మట్టితోనే చెరువు చుట్టూ రెండాళ్ళ ఎత్తున కొత్తగట్టు పోయించారు. తడిపి, పొరలు పొరలుగా వేసి, రోలరుతో తొక్కించవలసిన మట్టి అది. రోలరు దారిలో ఎక్కడో దిగబడిందన్నారు. పొడిగడ్డలను గడ్డలుగానే గుమ్మరించారు. తమరు స్వయంగా విచ్చేసి బూటుమడమతో గట్టును ఒక్కటి తన్ని, “సిమెంటులా ఉందయ్యా!” అని సెలవిచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఆ మాట నిజమే. ఉప్పు ఊరిన బంకమట్టి ఎండితే నిజంగానే సిమెంటులా ఉంటుంది. తడవనంతకాలం దానికి వంక పెట్టలేము. చెరువుగట్టు తడవకుండా ఎలా ఉంటుందన్నది ఒక్కటే నాకు తోచని సంగతి.

తరువాత ఆ గట్టు కిందనే పడమటి వైపున మాకు ఇళ్ళు కట్టించారు. గట్టు చాటున ఉంటే గాలి తగలదని కారణం చెప్పారు. గాలి తగలడం లేదు. అందుకు కృతజ్ఞులం.

4. జులైలో వానలు పడ్డాయి, కాలవా వచ్చింది. చెరువులోకి మోకాటిలోతు నీరు వదిలారు. మర్నాటికి నీళ్ళు పాలుపోసిన కాఫీ రంగుకు తిరిగాయి. ఇక ఊరి సంబరం చెప్పనలవి కాదు.

దీనికి కారణం తమబోటి పైప్రాంతం వారికి తెలియకపోవచ్చు. ఈ లంకల్లో తేటనీళ్ళంటే ఉప్పునీళ్ళు. బురదనీళ్ళంటే కృష్ణ నీళ్ళు. ఏటా కాలవ వదలగానే వచ్చే మొదటి నీరు ఒండ్రుతో చిక్కగా ఉంటుంది. ఆడవాళ్ళు ఆ నీరు చూసి మురిసిపోయి, బిందె లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసి వదిలేస్తారు. అన్నం ఉడికేలోపు బురద అడుక్కు దిగి పైన తేటనీరు నిలుస్తుంది. తరతరాలుగా ఇంతే. కనుక చెరువు కలకబారగానే తియ్యనీరు వచ్చేసిందని గట్టెక్కి పసుపు కుంకుమ చల్లారు. మా వరుసలోని తెరేసమ్మ చేతులు జోడించి ప్రార్థన చేసుకుంది. బుల్లెమ్మగారు కొబ్బరికాయ కొట్టారు. దోసిట్లో పట్టి తాగి, “తియ్యగున్నాయండీ, తియ్యగున్నాయి!” అని పెద్దగా ఏడ్చారు. నేనూ కొబ్బరిముక్క తిన్నాను.

అయ్యా, మేము కొబ్బరికాయ కొట్టింది గట్టు చావడం మొదలుపెట్టినందుకు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. తియ్యగా మాత్రం ఉన్నాయి.

5. ఆ సాయంత్రం బుల్లెమ్మగారు బిందెకు చిల్లగింజ అరగదీశారు. నీళ్ళు తేరలేదు. మళ్ళీ అరగదీశారు. తెల్లవారినా తేరలేదు. వెళ్ళి కొట్టతనితో తగాదా పెట్టుకున్నారు.

“ఉప్పెనలో నానిన పుచ్చుగింజలు అంటగడతావా? నీళ్ళే తేర్చలేని గింజ నీ అంగట్లో ఎందుకయ్యా?”

“గింజలు నిక్షేపంలాంటివమ్మా. మీ చేతిలో సత్తువ తగ్గింది.”

“ఏంటీ?”

“సత్తువ తగ్గిందంటున్నా!”

“నా సొత్తు తగ్గితే నీకెందుకు?”

ఆవిడకు వినబడకపోవడం వల్ల ఆ తగాదా త్వరగా ముగిసింది. కొత్తగింజలు తెచ్చారు. బిందె చింతపండుతో తోమారు. మోచెయ్యి నొప్పిపుట్టేదాకా అరగదీశారు. నీళ్ళు అలాగే ఉన్నాయి. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. నీళ్ళు తేరకపోవడం గింజ దోషం కాదు, చేతి దోషం కాదు, మట్టి మారిపోయింది.

అనుమానం తీర్చుకోవడానికి గట్టుమీది గడ్డలు రెండు తెచ్చి, ఒకటి ఉప్పునీళ్ళ గ్లాసులోను, ఒకటి వాననీళ్ళ గ్లాసులోను వేశాను. ఉప్పునీళ్ళలోది విరిగి ఊరుకుంది. నీరు తేటగానే ఉంది. వాననీళ్ళలోని గడ్డ చుట్టూ మొదట సాంబ్రాణిపొగలాంటిది లేచింది. తరువాత గడ్డే లేదు. గ్లాసునిండా పాలుపోసిన కాఫీ. శివపార్వతి దాన్ని చూసి, “అమ్మమ్మా, మన గట్టు ఏదీ?” అని అడిగింది. నేను చాలా ఏళ్ళు పిల్లలను ప్రశ్నలు అడిగి బతికాను. అంత తిన్నని ప్రశ్న ఎవరూ నన్ను తిరిగి అడగలేదు.

6. దీనిని తమ ఓవర్సీరు తిరుపతిరావుగారికి నేను వివరించి చెప్పాను. ఆయన మర్యాదస్థుడు. కూర్చోమంటే కూర్చున్నారు, మజ్జిగ ఇస్తే తాగారు. ఆయనకు చెప్పినదే తమకూ విన్నవిస్తున్నాను.

బంకమట్టి అంటే కంటికి కనబడని సన్నటి రేకులు. ప్రతి రేకు ఒంటిమీదా ఋణవిద్యుత్తు ఉంటుంది. ఒకే జాతి విద్యుత్తు కలవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అంటే కలిసి ఉండటం మట్టికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. మధ్యలో ఎవరో ఒకరు చేరి కలిపి ఉంచాలి. కృష్ణ ఒండ్రులో ఆ పని చేసేది సున్నంలో ఉండే కాల్షియం. దానికి రెండు చేతులనుకోండి. అటు రేకునొక చేత్తో, ఇటు రేకునొక చేత్తో పట్టుకుంటుంది. ఉప్పులో ఉండే సోడియానికి ఒకటే చెయ్యి. పైగా ఎక్కడికి పోయినా చుట్టూ బోలెడు నీటిని వెంటేసుకుపోయే రకం. ఉప్పెన వచ్చి సోడియాన్ని గుంపులు గుంపులుగా తెచ్చిపోసింది. అది కాల్షియాన్ని గెంటేసి దాని చోట్లో కూర్చుంది.

చెరువులో ఉప్పునీరు ఉన్నంతకాలం ఈ నష్టం బయటపడదు. చుట్టూ ఉప్పు కిక్కిరిసి ఉంటే రేకుల నెట్టుడు ఎంతో దూరం సాగదు. అవి దగ్గరకు వచ్చి, ఒకదానికొకటి అంటుకుని, ముద్దగట్టి అడుక్కు దిగుతాయి. కుట్టుమిషను అంత బాగా కనబడింది అందుకే. మంచినీరు వచ్చి ఆ ఉప్పును కడిగేసిందా, గుంపు పోతుంది, రేకును పట్టుకున్న ఒంటిచేతి సోడియం మాత్రం మిగులుతుంది. అప్పుడు రేకులు దేని దారిన అవి పోతాయి. చిల్లగింజ కాదుగదా, చిల్లచెట్టే తెచ్చి అరగదీసినా అవి కలవవు.

తిరుపతిరావుగారు అంతా విని, “అమ్మగారూ, కొంచెం అర్థమయ్యేట్టు చెబితే పైకి రాస్తానండీ,” అన్నారు.

“నేనూ మా వదినగారూ ఒకే జాతి రేకులం బాబూ. పప్పులో ఉప్పు దగ్గర నుంచి దేవుడిదాకా దేనికీ మాకు పడదు. ఒకే ఇంట్లో ఎలా ఉంటున్నామో చూశారా? సంతకు వెళ్తే పిల్ల మధ్యలో నడుస్తుంది. ఒక చెయ్యి ఆవిడకిస్తుంది, ఒక చెయ్యి నాకిస్తుంది. ఆ పిల్ల కాల్షియం. అర్థమైందా?”

లోపలి నుంచి బుల్లెమ్మగారు, “ఏంటండీ, నన్నేదో అంటున్నారు?” అన్నారు.

“మట్టి అంటున్నానండీ!”

“ఆఁ, అదేలెండి.”

తిరుపతిరావుగారికి అర్థమైంది. ముఖం చూస్తే తెలిసింది. గ్లాసు కింద పెట్టి, “నిజమేనండీ. కానీ గట్టు ఎత్తు సరిపోయిందండీ, వెడల్పు సరిపోయిందండీ, పని ముగిసినట్టు పైవారు సంతకం చేసేశారండీ. మట్టి కలిసి ఉందా లేదా అని రాయడానికి మా కొలతల పుస్తకంలో గడి లేదండీ,” అన్నారు. ఆయన్ను నేను తప్పుపట్టను. ఆ మాట నెమ్మదిగా అన్నారు, బుల్లెమ్మగారికి వినబడదని మరిచిపోయి.

7. ఆగస్టులో గట్టు పడమటివైపు వాలులో బుంగలు పడ్డాయి. మొదట వేలు పట్టేవి. ఇప్పుడు చెయ్యి పడుతోంది. నీటితోపాటు మట్టి రేకులు లోపలి నుంచే విడిపోయి కారిపోవడం వల్ల గట్టు కడుపులో సొరంగాలు ఏర్పడుతున్నాయి. పైన చూస్తే గట్టు గట్టులాగే ఉంటుంది. మా పెరట్లోకి సన్నగా కారే నీరు కూడా ఆ పాలుపోసిన కాఫీ రంగే. ఈ సంగతి అర్జీ పెట్టుకొనగా, తమ కార్యాలయం వారు విచారణ జరిపించి, అవి పీతబొక్కలని తేల్చి, కాలనీవాసులు తమ తమ ఇళ్ళ వెనుకనున్న పీతలను పట్టి నిర్మూలించవలెనని ఉత్తర్వు దయచేశారు.

ఉత్తర్వు చదివి వినిపించడానికి వచ్చిన బంట్రోతును బుల్లెమ్మగారు అరుగుమీద కూర్చోబెట్టుకుని అడిగారు: “నాయనా, ఈ వరుసలో ఇన్ని కొంపలున్నాయి. గట్టునిండా పీతలే ఉంటే ఈపాటికి పులుసైపోయేవి కావూ? ఒక్క ఇంట్లో వాసనొచ్చిందేమో కనుక్కుని చెప్పు.”

పక్కింటి ఆమోసు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పీతలు పట్టేవాడు. ఉత్తర్వు ప్రకారం బుంగలో చెయ్యిపెట్టాడు. భుజందాకా పోయింది. చెయ్యి బయటకు తీసి చూసుకున్నాడు. పీత లేదు. చెయ్యంతా జారే బంక. అతను తిన్నగా ఇంటికి వెళ్ళి, ఉప్పెనలో మిగిలిన తన ఒక్కగానొక్క ట్రంకుపెట్టెను అటకమీదికి ఎక్కించాడు. దీనినే తమ కార్యాలయం వారు ‘కాలనీవాసుల సహకారం సంతృప్తికరం’ అని రాసుకున్నట్టు తెలిసింది.

8. ఇకపోతే జిప్సం విషయం. ఇందులో మేము ముద్దాయిలం కనుక వివరంగా రాయవలసి ఉన్నది.

సోడియం పట్టిన మట్టికి మందు జిప్సం. అందులో కాల్షియం ఉంటుంది. మట్టిలో కలిపి తడిపితే రెండు చేతులవాడు తిరిగివచ్చి ఒంటిచేతివాణ్ణి లేపి తన చోట్లో కూర్చుంటాడు. చౌడుదేలిన పొలాలకు ప్రభుత్వం వారు జిప్సం బస్తాలు పంచుతున్నారు. గట్టుకు కూడా ఇప్పించవలసిందని అడుగగా, పంచే కచేరీ వారు పట్టాదారు పేరు అడిగారు. గట్టుకు పట్టా లేదన్నాను. పట్టా లేనివారికి జిప్సం లేదన్నారు. గట్టు ప్రభుత్వానిదే కదా, ప్రభుత్వం తనకు తాను ఇచ్చుకోరాదా అన్నాను. ప్రభుత్వం దరఖాస్తు పెట్టుకోలేదన్నారు.

నేను ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే బుల్లెమ్మగారు మూడుసార్లు మళ్ళీ చెప్పించుకున్నారు. వినబడక కాదు, నమ్మకం కుదరక. మర్నాడు తన పొలం పట్టా చూపించి, తన వాటా జిప్సం తెచ్చుకున్నారు. బండిని పొలానికి పోనివ్వలేదు. గట్టుకు తోలించారు. “పొలం ఈ ఏడు పండకపోతే పోయిందండీ. గట్టు ఒక్క ఏడైనా పండాలిగా,” అన్నారు. మా ఇంటి వెనుక గట్టును ఇద్దరమూ పలుగూ పారా పట్టి పైపైన తవ్వి, జిప్సం కలిపి, నీళ్ళు చల్లి తొక్కాము. శివపార్వతి కూడా తొక్కింది. ఆ నాలుగురోజులూ మేమిద్దరం పోట్లాడుకోలేదు. ఊపిరి ఆడలేదు.

అయ్యా, ఆ ముక్క నిలిచింది. ఆ తరువాత ఎన్ని వానలు పడినా అక్కడ కొత్తబుంగ పడలేదు. ఆ మట్టి గడ్డను వాననీళ్ళ గ్లాసులో వేస్తే పొగ లేవలేదు. తమరు వచ్చి చూడవచ్చు. అటు పక్కింటి వెనుకా, ఇటు పక్కింటి వెనుకా గట్టు వాలు చెదలు తిన్న తలుపులాగా ఉంది. మధ్యలో మా ఇంటి వెడల్పున మాత్రం గట్టు ఉంది. అయితే గట్టు అనేది ఎవరి ఇంటి వెనుక వారిదిగా నిలిచేది కాదు. తెరేసమ్మ ఇంటి వెనుక గండి పడితే నీరు మా వాకిట్లోకి రావడానికి మా పట్టా అడగదు.

ఇంతలో, వ్యవసాయానికిచ్చిన జిప్సాన్ని అన్యాక్రాంతం చేసినందుకు బుల్లెమ్మగారికి నోటీసు వచ్చింది. జిప్సాన్ని యథాతథంగా తిరిగి అప్పగించవలెనని అందులో ఉన్నది. ఆవిడ తరఫున నా సమాధానం: జిప్సం ఎక్కడికీ పోలేదు, గట్టులోనే ఉంది. తమ సిబ్బంది వచ్చి రేకు రేకునా పట్టుకున్న చేతులు విడదీసి కాల్షియాన్ని బస్తాలకెత్తుకుని పోవచ్చును. మేము అడ్డురాము. మజ్జిగ కూడా ఇస్తాము.

9. విజయదశమి నాడు పెద్దలెవరో వచ్చి చెరువును పూర్తి మట్టానికి నింపి ప్రారంభోత్సవం చేస్తారని దండోరా వేశారు. గట్టు లోపలివైపు తెల్లసున్నంతో గీత కూడా గీశారు. ఆ గీత మా ఇంటి చూరుకంటే ఎత్తున ఉంది.

10. కావున తమరు దయతో:

(అ) ఈ గట్టును తీయించి, కాలవ ఎగువనుండి ఉప్పెన అంటని ఒండ్రుమట్టి తెప్పించి, తడిపి, పొరలుగా తొక్కించి, కొత్తగట్టు పోయించవలెను.

(ఆ) అది కుదరనిచో, ఉన్న గట్టుకే అంతటా జిప్సం కలిపించి, ఒక వర్షాకాలం ఆగి చూడవలెను.

(ఇ) అదియు కుదరనిచో, చెరువులో నీటిని మోకాటిలోతుకు మించి ఉంచరాదు. మేము మోకాటిలోతు నీళ్ళే తాగుతాము. కలకగానే తాగుతాము. అలవాటైంది.

(ఈ) అదియు కుదరనిచో, ప్రారంభోత్సవం రోజున శామియానా గట్టుకు పడమటివైపున, మా వరుసలోనే వేయించవలెను. పెద్దలందరూ గట్టు కిందనే కూర్చోవలెను.

(ఉ) అదియు కుదరనిచో, కుదరదని ఒక్కముక్క రాయించవలెను. జవాబు రానప్పుడు మనిషి లేనిపోని ఆశ పెట్టుకుంటాడు. ఈ వయస్సులో నాకు ఆ శ్రమ వద్దు.

ఉప్పెనను ఎవరూ ఆపలేకపోయారు. దానికి తమరిని అడగను. ఈసారి వచ్చేవి తియ్యనీళ్ళు. తమరు తూము తిప్పితే వచ్చేవి. తిప్పకపోతే రానివి.

ఈ అర్జీని చిత్తగించవలెనని కోరడం ఆనవాయితీ కనుక కోరుతున్నాను. తమ చిత్తం గట్టులాంటిది కాదని, చెప్పినది అందులో నిలుస్తుందని అనుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు, వేరే దారి లేక,
పద్మావతమ్మ

బుల్లెమ్మ, నిశాని (నోటీసు విషయంలో తనకు పశ్చాత్తాపం లేదని కూడా రాయమన్నారు)

తాజా కలం:

బాబూ ఇంజినీరుగారూ, పైదంతా రాసి మడిచాక మళ్ళీ విప్పి రాస్తున్నాను. ఇది ఆఫీసువారికి కాదు, మీకు.

ఇవాళ పొద్దున శివపార్వతిని పటమట పంపించేశాము. మా చెల్లెలు వెంకటరత్నమ్మ వచ్చి తీసుకెళ్ళింది. రానంది. బస్సు దగ్గర మా ఇద్దరి చేతులూ పట్టుకుని వదల్లేదు. కండక్టరు కేకలేస్తుంటే, ముందు నా చెయ్యి నేనే లాక్కున్నాను. బుల్లెమ్మగారు లాక్కోలేదు. పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, ముద్దుపెట్టుకుని, విప్పారు.

నన్నూ వెళ్ళమన్నారు ఆవిడ. “మీకు చదువుంది, పింఛనుంది, వెళ్ళండి. పిల్లకెవరో ఒకరు ఉండాలిగా,” అన్నారు. మీరూ రండంటే, ఈ వరుసలో ఇంతమందిని వదిలి నేనొక్కదాన్ని గట్టెక్కలేనన్నారు. ఇంతమందినీ పటమటలో రెండుగదుల్లో నేను పెట్టలేను. నేను వెళ్ళిపోతే అర్జీ రాసే మనిషి ఉండదు. అర్జీలు రాకపోతే గవ్వలదిబ్బలో ఇబ్బంది తొలగినదని మీవాళ్ళు రాసుకుంటారు. కాబట్టి ఉన్నాను.

మధ్యలో చేతులిచ్చే పిల్ల లేదు కనుక, నేను చెప్పిన పాఠం ప్రకారం మేమిద్దరం ఈపాటికి చెరోవైపుకూ పోవాలి. పోలేదు. ఇప్పుడు ఒకే అరుగుమీద, ఒకే చాపమీద కూర్చుని ఉన్నాము. ఆవిడ చిల్లగింజ అరగదీస్తున్నారు. నీళ్ళు తేరవని ఆవిడకూ తెలుసు. మేమింకా విడిపోలేదంటే మాలో ఉప్పు ఇంకా కడుక్కుపోలేదన్నమాట. మాకది పోయేది కూడా కాదు.

నేను అడిగినవేవీ మీరు చెయ్యలేరని నాకు తెలుసు బాబూ. మీ మీద ఇంకెవరో ఉంటారు, ఆయన మీద ఇంకెవరో. ఒక్కటి మాత్రం మీ చేతిలో ఉంది. ఆ రోజు తూము తిప్పేముందు గట్టెక్కి, మా ఇంటివైపు తిరిగి, ఒక్క కేక వెయ్యండి. నా పేరు పెట్టి కాదు, ఆవిడ పేరు పెట్టి పిలవండి.

గట్టిగా పిలవండి. బుల్లెమ్మగారికి వినబడదు.